ఫ్లాపీలు చెరిసగం

డిజిటల్ ఆస్తిని చట్టం ఎలా నిర్వచించాలో తేల్చడానికి ఈమధ్య ఒక సభ పెట్టి నన్నూ పిలిచారు. ఏసీ హాల్లో కోట్లు తొడుక్కుని కూర్చున్న పెద్దమనుషులు భోజనాల వేళదాకా "ఇది వస్తువా, హక్కా, సేవా" అని ఒకే ముద్దను అటూ ఇటూ నమిలారు. నాకు కోపం కూడా రాలేదు, ఆవులింత వచ్చింది. ఈ ప్రశ్నకు తొంభైల్లోనే, చిక్కడపల్లి సందులోని ఒక డీటీపీ దుకాణంలో ఇద్దరు అన్నదమ్ములు జవాబు చెప్పగా విన్నాను. ఆ జవాబు ఎంత నీచమైనదో, చట్టం దానికి ఎంత మర్యాదగా తలూపిందో కూడా చూశాను.

అప్పట్లో నేను నారాయణగూడలో ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌ని. జూనియర్ అంటే ఫైళ్ళు మొయ్యడం, వాయిదాలు అడగడం, ఆయన వేసిన పాత జోకుకే కొత్తగా నవ్వడం. అశోక్‌నగర్‌లో ఒక రిటైరైన టీచరమ్మ ఇంటి మేడ మీద గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. పక్క హాస్టల్లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లల్లో ఒకడు, "ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదు" అని పొద్దున్నే గొంతెత్తి బట్టీ పట్టేవాడు. వాడి అరుపుకే నేను నిద్ర లేచేదాన్ని.

టీచరమ్మ కవాడిగూడ బడిలో పనిచేసినన్నాళ్ళూ, పాలమూరు నుంచి కట్టుబడి పనులకు వలసొచ్చిన వాళ్ళ పిల్లలకే ఎక్కువగా చదువు చెప్పింది. ఆ పిల్లలు రాసే ఇంటి మాటలను ఎర్రసిరాతో కొట్టెయ్యమని పైవాళ్ళు చెప్పేవారట. కొట్టెయ్యకుండా ఆమె వాటిని పోగుచేసింది. సెలవు రోజుల్లో బస్తీకి పోయి, ఆ పిల్లల తల్లుల పక్కన కూర్చుని, ఏ మాట ఎప్పుడంటారో, ఎందుకంటారో అడిగి రాసుకుంది. కైకిలి అంటే కూలిపని, పొద్దుమీకి అంటే సాయంత్రం, సోయి అంటే ధ్యాస, ఇలాంటివి నాకూ తెలుసు. నేనెన్నడూ వినని మాటలు ఆమె దగ్గర వందలకొద్దీ ఉండేవి. వాటితో నిఘంటువు వెయ్యాలన్న ఒక్క కోరికతోనే ఆమె రిటైరయ్యాక బతికింది.

ఆమె దగ్గరున్న ఆ ఒక్క రాతప్రతి చిక్కడపల్లి డీటీపీ దుకాణానికి చేరింది. అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపే దుకాణం, పెళ్ళిపత్రికలు, కోచింగ్ గైడ్లతో ఎప్పుడూ కిటకిటలాడేది. చివరి దిద్దుబాట్లు ఎక్కాక రాతకాగితాలనూ ప్రూఫులనూ కలిపి చిత్తుకాగితాల వాడికి వేసెయ్యడం అక్కడి పద్ధతి. వాటిని ఇంటికి పట్టుకుపోతానని టీచరమ్మ అడిగితే అన్నదమ్ముల్లో పెద్దాయన నవ్వాడట.

"గా చెత్తంత ఇంట్ల ఎందుకు టీచరమ్మా? ఫ్లాపీలల్ల భద్రంగున్నది."

కాగితాలు చిత్తుకాగితాల వాడికి పోయాయి. కంప్యూటర్‌లో జాగా చాలదని పుస్తకాన్ని అందులోంచి తీసేశారు. అంత పుస్తకం ఒక్క ఫ్లాపీలో పట్టదు కాబట్టి కుదించి, ముక్కలు చేసి, డజను ఫ్లాపీల మీదికి వరసగా ఎక్కించారు. మొదటిదాన్నుంచి చివరిదాకా అన్నీ పెడితేనే పుస్తకం తెరుచుకుంటుంది. ఒక్కటి లేకపోయినా మిగిలినవన్నీ ఉత్త ప్లాస్టిక్ బిళ్ళలు.

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాల్సిన సమయంలో అన్నదమ్ములు విడిపోయారు. కారణం చెప్పాలంటే నాకే సిగ్గేస్తుంది. కొత్త బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్నదే గొడవ. పంపకం చేయించడానికి మా సీనియర్‌ని పెట్టుకున్నారు, రాసేందుకు ఆయన నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. కంప్యూటర్లు చెరొకటి. ప్రింటర్ ఒకరికి, దానికి బదులు బల్లా బీరువా ఇంకొకరికి. విరిగిన స్టూలు కోసం పావుగంట వాదులాడుకున్నారు. చివరికి ఫ్లాపీల డబ్బా ముందుకొచ్చింది. పెద్దాయన మూత తీసి, పిల్లలకు బిస్కెట్లు పంచినట్టు, "ఒకటి నాకు, ఒకటి నీకు" అంటూ పంచడం మొదలుపెట్టాడు.

టీచరమ్మ పుస్తకం పేరున్న ఫ్లాపీలు రాగానే నేను అడ్డం పడ్డాను. "అన్నా, జర ఆగుండ్రి. అవి విడగొడితే ఎవరికీ పనికిరావు. నకలు తీసుకుంటే ఇద్దరికీ మొత్తం వస్తది, ఎవరికీ ఏం తక్కువ కాదు."

పెద్దాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "గట్లెట్ల మేడమ్? వానిక్కూడ మొత్తం పోతే ఇగ నాకు మిగిలిందేంది?"

తమ్ముడు గట్టిగా తలూపాడు. "అన్న చెప్పింది కరెక్టే."

పొద్దుటి నుంచీ వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అదే. మా సీనియర్ నా వైపు విసుగ్గా చూసి, "సమంగా పంచుకుంటుంటే నీకేంటమ్మాయ్ బాధ? రాసుకో," అన్నాడు. పొలం పంచితే తగ్గుతుంది, బంగారం పంచితే తగ్గుతుంది. తగ్గకుండా ఇద్దరికీ మొత్తం దక్కే ఆస్తి ఒకటి చేతికొస్తే, ఈ మహానుభావులు దాన్ని కూడా సగానికి కోసుకున్నారు. ఎదుటివాడికి దక్కకపోవడమే వాళ్ళకు తెలిసిన ఆస్తి.

తమ్ముడు బర్కత్‌పురలో కొత్త దుకాణం పెట్టుకున్నాడు. టీచరమ్మ ఎండలో గొడుగేసుకుని చిక్కడపల్లికీ బర్కత్‌పురకూ మధ్య తిరగడం మొదలుపెట్టింది. నకలు ఖర్చులు తనే పెట్టుకుంటానంది. "ముంగట వాణ్ణియ్యమనుండ్రి, నేనెందుకు తగ్గాలె?" అంటాడు పెద్దాయన. "అన్న ఇస్తే నేనిస్త," అంటాడు తమ్ముడు. ఇద్దరూ ఆమెను కూర్చోబెట్టి చాయ్ తాగించేవారు. మర్యాదకేం లోటు లేదు.

ఆ ఎండాకాలమే, ఏదో కోచింగ్ గైడు పెట్టుకోవడానికి ఫ్లాపీలు చాలలేదని తమ్ముడు తన వాటా తుడిచేశాడు. ఆమె వెంట నేనూ వెళ్ళి నిలదీశాను.

"నా ఫ్లాపీలు నేను వాడుకున్న. నా పాలుకు వచ్చినయే గద? తప్పేమున్నది మేడమ్?"

ఈ సంగతి తెలిసిన మర్నాడే పెద్దాయన తన వాటాను ప్లాస్టిక్ కవర్లో వేసుకుని స్వయంగా అశోక్‌నగర్‌కు వచ్చాడు. "తీస్కోండ్రి టీచరమ్మా. నేను వాని తీర్గ కాదు, మనసున్నోణ్ణి," అన్నాడు. ఎందుకూ పనికిరాకుండా పోయాక పుట్టుకొచ్చింది ఆ మనసు. అతణ్ణి మేడ మెట్ల దగ్గర నిలబెట్టి నా నోటికొచ్చింది అన్నాను. అతను నొచ్చుకుని వెళ్ళిపోయాడు.

సభలో నా వంతు వచ్చినప్పుడు పెద్ద నిర్వచనమేమీ చెప్పలేదు. దాచిన డబ్బా వేరు, అందులో దాచింది వేరు అని చట్టం ముందు ఒప్పుకోవాలన్నాను. డబ్బా ఎవరిదైనా, లోపలిది ఎవరిదో వాళ్ళు అడిగితే నకలు ఇచ్చి తీరాలి. ఇవ్వకుండా తుడిచేస్తే, ఇల్లు కూలగొట్టిన వాడికి వేసే శిక్షే వెయ్యాలి. నకలు తీయగలిగిన దాన్ని ముక్కలు చేసి పంచే పంపకం చెల్లకూడదు. కోట్లేసుకున్న పెద్దమనుషులు "చాలా ఆసక్తికరం" అని భోజనానికి లేచారు. వాళ్ళు లేస్తుంటే నాకు మా సీనియర్ గది గుర్తొచ్చింది.

టీచరమ్మను ఆ గదికి తీసుకెళ్ళింది నేనే. ప్లాస్టిక్ కవర్ ఒళ్ళో పెట్టుకుని ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, వేళ్ళు మడుస్తూ హాయిగా వివరించాడు. "చూడండమ్మా, ఫ్లాపీలు చరాస్తి. అవి వాళ్ళవి, సమ్మతితో పంచుకున్నారు. తన వస్తువును తను తుడుచుకోవడం నేరం కాదు. ఇక పుస్తకం మీద కాపీరైటు అంటారా, అది పూర్తిగా మీదే. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చట్టం దృష్టిలో మీరు పోగొట్టుకున్నదేమీ లేదు."

టీచరమ్మ అంతా శ్రద్ధగా విన్నది. కవర్ తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, ఇంటిపని చూపించమని బళ్ళో పిల్లల ముందు చాచినట్టు, కుడిచెయ్యి ఆయన ముందుకు చాచింది.

"ఏం పోలేదంటున్రు గద సార్. అయితే ఇయ్యుండ్రి."

ఆయన నా వైపు తిరిగి, అమ్మగారికి చాయ్ చెప్పమన్నాడు.