సముద్రపు పతంగులు బాగుచేసిన పర్వతాలు

రాంగోపాల్‌పేట్‌లో ఇనుప సామాన్ల దుకాణాల వెనక, ఒక పాత భవనం మెట్ల కింద గదిలో పర్వతాలు ముప్పై ఏళ్లు పనిచేశాడు. గాలి నింపే వస్తువు ఏదైనా సరే, అది ఎక్కడ గాలి వదులుతోందో కనిపెట్టి అతికించడం ఆయన పని. మొదట్లో లారీ ట్యూబులు. తర్వాత పిల్లలు ఎగిరి గంతులేసే గాలి కోటలు, మంచం పట్టినవాళ్ల కింద వేసే గాలి పరుపులు, రబ్బరు పడవలు. ఏడేళ్ల కింద, పడవ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకాయన దానితోపాటు పెద్ద గుడ్డ మూట కూడా తెచ్చాడు. భవనం డాబా మీద విప్పి పరిస్తే అదొక పతంగి. ఏడు మీటర్ల పొడవు, నెలవంక ఆకారం.

సముద్రంలో చెక్కపలక మీద నిలబడి, నడుముకు తాళ్లు తగిలించుకుని దాన్ని ఎగరేస్తారట. గాలి లాగుతుంటే మనిషి నీళ్ల మీద జారిపోతూ ఉంటాడట. పతంగి ముందంచున తొడంత లావు గొట్టం, దానికి అడ్డంగా ఐదు సన్న గొట్టాలు ఉన్నాయి. వాటిలో గాలి బిగువుగా ఉంటేనే పతంగి నీళ్లలో పడ్డా మునగదు, మళ్లీ లేస్తుంది. గాలి పోతే తడిసిన దుప్పటితో సమానం.

పర్వతాలు అప్పటికీ ఇప్పటికీ సముద్రం చూడలేదు. కానీ ఆ పతంగుల కడుపులో ఏముందో ఆయనకు తెలిసినంతగా ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. పై గొట్టం ఉత్త గుడ్డ. గాలి పట్టేది లోపలి పల్చటి ట్యూబు. గుడ్డలోకి చేరిన ఇసుక రేణువులు దాన్ని సూదిలా పొడుస్తాయి. ఆయన ముందు గొట్టాలన్నీ నింపి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గాలి పోకుండా క్లిప్పులు వేసి, ఏది మెత్తబడుతుందో చూసేవాడు. మెత్తబడినదాని ట్యూబుకు ఒక తాడు కట్టి మెల్లగా బయటికి లాగేవాడు. మళ్లీ లోపలికి లాక్కోవడానికి ఆ తాడే దారి. ట్యూబులో కొంచెం గాలి నింపి, నీలం తొట్టిలో ముంచి, బుడగలు లేచినచోట పెన్నుతో సున్నా చుట్టేవాడు. ఆరబెట్టి, స్పిరిటుతో తుడిచి, అతుకు వేసి, పౌడరు చల్లి, మెలిక పడకుండా గుడ్డలోకి ఎక్కించేవాడు.

ట్యూబుకు గాలి నింపే మూతిని మాత్రం నీళ్లలో ముంచలేడు, అది పంపుకు తగిలించి ఉంటుంది. దాన్ని చెవితో చూసుకునేవాడు. చెంప ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. సన్నగా ‘సుయ్’మన్నదంటే చిల్లు ఉన్నట్టు, లేదంటే లేనట్టు.

హిమజ, ఆమె తమ్ముడు యుగంధర్ ఆయనకు పాత గిరాకీలే. హిమజ కార్ఖానా ఏరియాలో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. యుగంధర్ పళ్ల డాక్టరు, కాప్రాలో కొత్తగా క్లినిక్ తెరిచాడు. ఏడాదికి రెండుసార్లు ఇద్దరూ రామేశ్వరం వైపు వెళ్లి వారం రోజులు పతంగులు ఎగరేసి వచ్చేవాళ్లు. పోయిన ఆగస్టులో ఒక గురువారం యుగంధర్ పతంగి తెచ్చారు.

“అరగంటలో మెత్తబడిపోతోంది అంకుల్. శనివారం సాయంత్రం ట్రైన్. అయితదా?” అన్నాడు యుగంధర్.

“అయితది గని, నింపినంక ఒక దినమన్న ఉంచి చూడాలె బిడ్డా. మీరు జెర ముందుగాల తేవాలె,” అన్నాడు పర్వతాలు.

ముందంచు ట్యూబులో తొమ్మిది చిల్లులు దొరికాయి. తొమ్మిదీ అతికించాడు. శుక్రవారం రాత్రి నింపి, మెట్ల వసారాలో కమ్మీలకు కట్టి ఉంచాడు. తెల్లారి వాన పడింది. మధ్యాహ్నం యుగంధర్ వచ్చేసరికి పర్వతాలు గొట్టం మీద బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

“జెర మెత్తగైనట్టు కొడుతుంది. రేపటిదాక ఉంచితే తెలుస్తది.”

“ట్రైన్ ఉంది కదా అంకుల్. వాన పడి చల్లబడితే గాలి కొంచెం తగ్గుతుందని పోయినసారి మీరే చెప్పారు.”

అదీ నిజమే. పర్వతాలు వంగి మూతి దగ్గర చెంప ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. ఏమీ వినపడలేదు.

“ఏం లేదు. తీస్కపో బిడ్డా,” అన్నాడు.

పదిహేను రోజుల తర్వాత హిమజ ఒక్కతే వచ్చింది. ఆటోలోంచి పతంగి మూట తనే దించుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

మూడో రోజున యుగంధర్ ఒడ్డుకు దూరంగా ఉండగా పతంగి నీళ్లలో పడింది. ఎంత లాగినా లేవలేదు, ముందంచు నడిమికి మడిచినట్టు మెత్తబడిపోయింది. దాన్ని చుట్టుకుని తేలుదామని దగ్గరికి లాక్కుంటుంటే ఒక్కసారిగా గాలి కొట్టింది. గాలికి సగం ఉబ్బిన పతంగి పక్కకు ఈడ్చింది, తాడు కుడిచేతి వేళ్లకు చుట్టుకుని బిగుసుకుంది. చేపల పడవవాళ్లు చూసి తీసుకొచ్చేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. ఆస్పత్రిలో చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు.

అంతా ఒక్క గుక్కలో చెప్పి హిమజ ఆగింది. పర్వతాలు చేతిలోని గుడ్డపేలికను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

“నేను గొడవకు రాలేదు అంకుల్. ఎక్కడ పోయిందో తెలుసుకోవాలి. అంతే.”

డాబా మీద పతంగి పరిచి ముందంచు నింపారు. పర్వతాలు తన తొమ్మిది అతుకుల స్థానాలు ఒక్కొక్కటే చేత్తో తడిమాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. లేచి నిలబడి, “ఇప్పుడైతే ఏడా పోతలేదు,” అన్నాడు.

హిమజ ఆయన వైపు విచిత్రంగా చూసింది.

“అదేంటి అంకుల్? వినబడుతోంది కదా!”

“ఏది?”

“ఆ సౌండు. ఇక్కడ, ఈ మూతి దగ్గర. నాకు ఇక్కడి వరకు వస్తోంది.”

పర్వతాలు మోకాళ్ల మీద కూర్చుని చెంప ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. వీధిలో లారీ వెనక్కి వస్తున్న మోత వినపడింది. కింద ఎవరో ఇనుపరాడ్లు దించుతున్నారు, అదీ వినపడింది. మూతి దగ్గర మాత్రం ఏమీ లేదు. సబ్బునీళ్లు తెచ్చి, గుడ్డ తొలగించి మూతి చుట్టూ పోశాడు. మూతి ట్యూబుకు అంటుకున్న చోట సన్న బుడగలు వరసగా లేచాయి.

“ఎన్నాళ్ల నుంచి?” అని అడిగింది హిమజ.

“తెల్వదమ్మా.”

అది పూర్తిగా నిజం కాదు. రెండేళ్లుగా భార్య అనసూయమ్మ చెబుతూనే ఉంది. పోపు చిటపటలు ఆయనకు వినపడటం లేదని, ఫోను మోగితే ఎత్తడం లేదని. “నీ చెవులకేమో అయింది, దవాఖానకు పోదాం,” అంటే, “మనుషుల మాటలు మంచిగనే ఇనవడుతున్నయి గద,” అని కొట్టిపారేసేవాడు. గదిలో పొద్దంతా కంప్రెసరు మోతలో బతికిన మనిషి, ఇంటికొచ్చాక నిశ్శబ్దం హాయిగా ఉందనుకున్నాడు.

మరుసటి వారం అనసూయమ్మే తీసుకెళ్లింది. చెవుల డాక్టరు చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు పట్టే శక్తి పోయిందని, అది తిరిగి రాదని చెప్పాడు. మిషను పెట్టుకుంటే మాటలు ఇంకొంచెం తేటగా వినపడతాయట.

“గాలి పోయే సప్పుడు?” అని అడిగాడు పర్వతాలు.

డాక్టరుకు అర్థం కాలేదు. పర్వతాలు రెండోసారి అడగలేదు.

హిమజ దగ్గర చిరునామా తీసుకుని ఒక ఆదివారం కాప్రా వెళ్లాడు. క్లినిక్ పైనే ఇల్లు. యుగంధర్ కిందికి దిగి వచ్చాడు, కుడిచెయ్యి లుంగీ మడతల్లో పెట్టుకుని ఉన్నాడు.

“నువ్వు నన్ను తిట్టు బిడ్డా. నాకు ఇనవడతలేదని నాకు ఎరికే. ఎరికుండి సుత చెప్పలే.”

“మీరు ఒక రోజు ఉంచమన్నారు. నేనే తొందరపడ్డాను. నాకేం కోపం లేదు అంకుల్,” అన్నాడు యుగంధర్. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు. టీ తాగమన్నాడు. క్లినిక్‌లో వేరే డాక్టరు కూర్చుంటున్నాడని, తను ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నానని, ఎవరో కొత్త మనిషికి చెప్పినట్టు మర్యాదగా చెప్పాడు. పర్వతాలు టీ సగంలో వదిలి లేచాడు. ఆ పిల్లవాడు కేకలేసి ఉంటే బాగుండేదని, వచ్చే దారంతా బస్సులో అనుకున్నాడు.

గదిలో అప్పటికి ఇంకా నాలుగు పతంగులు, రెండు పరుపులు ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోను చేయించి తిరిగి ఇచ్చేశాడు.

హిమజ మళ్లీ ఒకసారి వచ్చింది. “అన్నిచోట్లా సబ్బునీళ్లతో చూసుకోవచ్చు కదా అంకుల్. పని మానెయ్యడం ఎందుకు?” అంది.

“సబ్బునీళ్లు ఏడ పొయ్యాల్నో చెవి చెప్తదమ్మా. గుడ్డ మీద పోస్తే గుడ్డ తాగుతది. ఇప్పుడు నేను ఏం లేదన్ననంటే, నాకే నమ్మకం లేదు. సముద్రంల ఉన్నోడు ఎట్ల నమ్మాలె?”

హిమజ కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్లిపోయింది.

నీలం తొట్టిని పక్క సందులో పూలు అమ్మే తుకారాం తీసుకెళ్లాడు. కంప్రెసరు మాత్రం ఉంచుకుని, గది ముందు సైకిళ్లకు, స్కూటర్లకు గాలి కొడుతున్నాడు పర్వతాలు. పంక్చర్లు కూడా తీసుకోడు. ఎవరైనా ట్యూబు తెస్తే ఎదుటి వీధి చూపిస్తాడు.

అయినా అప్పుడప్పుడు దూరపు ఊళ్ల నుంచి, సంగతి తెలియనివాళ్లు పంపిన మూటలు వస్తుంటాయి. మొన్న ఒకటి వచ్చింది. కొరియరు మనిషి సంతకం పెట్టమన్నాడు.

“వాపస్ తీస్కపోండి,” అన్నాడు పర్వతాలు.

“మీ పేరే ఉంది కదా. ఏమని రాయాలి?”

పర్వతాలు మూట మీద చెయ్యి వేసి, తాడు ముడి దగ్గర కాసేపు ఉంచాడు. తర్వాత చెయ్యి తీసేశాడు.

“గసువంటి మనిషి ఈడ లేడని రాయుండ్రి.”