రాజోలి అవ్వ ఒక్కపొద్దు

సూది వేసే ముందు పేషెంటు పేరు మనం చెప్పకూడదు, వాళ్ల నోటితోనే చెప్పించాలి. నర్సింగ్ స్కూల్లో మొదటి నెలలోనే నేర్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఏం లాభం? గద్వాలలో నేను చేరిన చిన్న ప్రైవేటు దవాఖానలో పేర్లతో పిలిచే అలవాటే లేదు. అందరినీ ఊరితోనే పిలిచేవాళ్లం. అయిజ అవ్వకు సెలైన్ పెట్టు, అలంపూర్ పెద్దాయనకు బీపీ చూడు. ముసలివాళ్లు మురిసిపోయేవారు, మాకూ సులువుగా ఉండేది.

నాలుగు రోజులు సెలవు పెట్టి ఆ శనివారం పొద్దున డ్యూటీకి వచ్చాను. ఆడవాళ్ల వార్డులో నేనొక్కదాన్నే. షుగర్‌తో కాలి పుండు మానక చేరిన రాజోలి అవ్వకు టిఫినుకు ముందు ఇన్సులిన్ ఇవ్వాలని చెప్పి రాత్రి నర్సు వెళ్లిపోయింది. మందు సిరంజిలోకి తీసుకుని, కేస్ షీటు కూడా చూడకుండా, "రాజోలి అవ్వా, సూది" అన్నాను. కిటికీ పక్క మంచం మీది ముసలామె "నేనే బిడ్డా" అంటూ చెయ్యి చాపింది. వేసేశాను.

కాసేపటికి బాత్రూమ్ నుంచి ఇంకొకామె కాలికట్టుతో కుంటుకుంటూ వచ్చింది.

"నాకింక షుగర్ సూదెయ్యలే గద సిస్టరమ్మా?"

"నీదే ఊరు అవ్వా?"

"రాజోలి."

అప్పుడు తీసి చూశాను కేస్ షీట్లు. కిటికీ పక్కామె కూడా రాజోలి నుంచే, ముందురోజు జ్వరంతో వచ్చి చేరింది. ఆమెకు అసలు షుగరే లేదు.

ఆమె దగ్గరికి పరుగెత్తి, ఏమైనా తిన్నావా అని అడిగాను.

"లేదు బిడ్డా, శనివారం గద. ఒక్కపొద్దున్న. పొద్దుగూకినంకనే తింట."

చక్కెర నీళ్లు కలిపి తెచ్చాను. జర తాగు అవ్వా అని బతిమాలాను. వద్దంటూ తల ఊపింది. ఎందుకు తాగాలో చెబితే తాగేదే. చెప్పలేదు. డాక్టరునూ పిలవలేదు. అరగంట అట్లా పాడు చేశాను. ఆమెకు చెమటలు పట్టి, చేతులు వణికి, పిలిస్తే పలకకుండా అయ్యాక గాని పిలవలేదు.

డాక్టరు వచ్చి ఏమైందన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె కొడుకు అందుకున్నాడు.

"ఒక్కపొద్దున్నది సార్. పొద్దుగాల నుంచి చాయ గూడ తాగలే."

డాక్టరు నా వైపు చూశాడు. "అవును సార్, ఏమీ తినలేదు" అన్నాను. అబద్ధం కాదు కదా. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక ఆమె కళ్లు తెరిచింది. తెరవగానే ఆమెకు తిట్లు.

"జరమొచ్చినప్పుడు గిదేం భక్తి అవ్వా? పానం పోతుండె" అన్నాడు డాక్టరు.

"చెప్తె ఇంటదా సార్ ఈమె?" అని కొడుకు వార్డంతా వినిపించేటట్టు కసిరాడు. ఆమె తల వంచుకుంది. నేను సిరంజీలు సర్దుకుంటూ నిలబడ్డాను. ఉద్యోగం పోతుందని భయం. ఇంకే గొప్ప కారణమూ లేదు.

ఇన్సులిన్ పని ఇంకా అయిపోలేదని ఆ వార్డులో నాకొక్కదానికే తెలుసు. సాయంత్రం దాకా ఆమె వేలు పొడిచి రక్తం చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం షుగర్ మళ్లీ పడిపోయింది, మళ్లీ గ్లూకోజు పెట్టించాను. "కన్నబిడ్డ లెక్క చూసుకుంటున్నవు సిస్టర్" అన్నాడు కొడుకు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. ఉపవాసం వల్ల షుగర్ తగ్గిందని కేస్ షీటులో డాక్టరు రాశాడు. కింద నా సంతకం కూడా ఉంది.

మూడో రోజు ఇంటికి పంపించారు. వెళ్లేముందు ఆమె నన్ను దగ్గరికి పిలిచి, నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నీ మీద ఒట్టు బిడ్డా, ఇగ ఒక్కపొద్దుండ. ఈ కొడుకు పుట్టినప్పటి సంది ఇడవకుంట ఉంటి. నా మూలంగ మీరంత పరేషానైతిరి."

"మంచిది అవ్వా" అన్నాను.