పత్తిచేలో నాలుగు దశలు

ఏడో తరగతి సైన్సు పుస్తకంలో సీతాకోకచిలుక బొమ్మ ఉండేది. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, చివరికి రంగురంగుల రెక్కలు. ఆ బొమ్మ వేసినవాళ్లెవరో పత్తిచేను చూసి ఉండరు. పర్చూరు దగ్గర మేం కౌలుకు చేసిన చేలో ఉండేది శనగపచ్చ పురుగు. దాని రెక్కలు మట్టిరంగు. దాన్ని చూసి ఎవరూ ముచ్చటపడలేదు.

తొంభైల చివర్లో ఒక ఏడాది అది కాయలో తల దూర్చి, వెనక సగం బయటే ఉంచి తింటూ పోయింది. ఇల్లు గడవడానికి మాకున్నది ఆ పంట ఒక్కటే. పక్క చేలో మందు కొడితే నాన్న కూడా కొట్టేవాడు, లేకపోతే పురుగంతా మన మీద పడుతుందని. కొట్లో ఇచ్చిన మందులన్నీ ఒకే డ్రమ్ములో కలిపేవాడు. ఒకటి కాకపోతే ఇంకోటి పనిచేస్తుందని ఊరందరి నమ్మకం.

కొన్నాళ్లకు పురుగు కనిపించలేదు. చేను కడిగిన ముత్యంలా ఉందని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఆ వారంలోనే అమ్మ కలుపు తీస్తుంటే మొక్క మొదట్లో గోధుమరంగు గింజలాంటిది దొరికింది. నాన్న అరచేతిలో పెడితే తోక కదిపింది.

"ఏమ్మా, ఇదేంటో మీ పుస్తకంలో ఉందా?" అని నన్నడిగాడు.

"ప్యూపా నాన్నా. చావలేదు. రెక్కలొచ్చాక పైకొచ్చి మళ్లీ గుడ్లు పెడుతుంది."

నాన్న ఇంకో మొక్క మొదట్లో తవ్వాడు. అక్కడా ఉన్నాయి. ఇక తవ్వలేదు. నాకు భయం వేయాల్సింది. వేయలేదు. చేతుల మట్టి దులుపుకుని బడికి పోయాను.

రెక్కల పురుగులు లేచాయి, గుడ్లు పెట్టాయి, మిగిలిన కాయలూ పోయాయి. పోయిన చేలో గొర్రెల్ని మేపించడం మా వైపు అలవాటు. ఆకు వాటికి, ఎరువు మనకి. నాన్న పిలిస్తే గొర్రెలాయన వచ్చి గట్టు మీదే ఆగాడు. ఒక ఆకు తుంచి వాసన చూశాడు.

"మందు బాగా కొట్టినట్టున్నారే. దింపనండీ. గొర్రెలు చస్తాయి."

"పురుగులే చావలేదు గదయ్యా," అన్నాడు నాన్న.

"వాటి సంగతి నాకు తెలీదండీ. ఇవి మాత్రం చస్తాయి."

మందను మళ్లించుకుని పోయాడు. నాన్న చెప్పులు విడిచి చేలోకి దిగి మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. అమ్మ పక్క సాలు పట్టింది, ఆ పక్కది నేను. పొద్దు వాలేదాకా పీకుతూనే ఉన్నాం.

పత్తి కట్టె ఏటా మాకు వంటచెరకు. పీకినవన్నీ కుప్పేశాక, ఇంటికి మోసుకుపోదామా అని అమ్మ అడిగింది.

"వద్దులే," అన్నాడు నాన్న. "ఆ పొగ పిల్లకి తగులుద్ది."