ఎక్కువ పడిన జీతం

ఆ ఆదివారం ఆ పిల్ల ఎలమంచిలిలో రైలెక్కి అనకాపల్లిలోని మా ఇంటికి వచ్చినప్పుడు, నన్ను చూసిపోదామని వచ్చిందనుకున్నాను. మందుల ఫ్యాక్టరీలో నేను ప్యాకింగులో, తను ఎకౌంట్సులో పనిచేసేవాళ్లం. నాకన్నా చాలా చిన్నది. అయినా క్యాంటీనులో నా పక్కనే చేరి, తన కూర నాకు పెట్టి నాది తను లాక్కునేది. మా అత్తగారికి పక్షవాతం వచ్చి నేను ఉద్యోగం మానేసిన రోజున గేటు దాకా వచ్చి ఏడ్చింది.

నేను చేపలు బాగుచేస్తుంటే తనూ పీట వాల్చుకుని కూర్చుంది. ఎప్పుడూ వాగే పిల్ల, తోమిన చేపనే మళ్లీ మళ్లీ తోముతోంది.

"ఏటే, ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"అక్కా, నువ్వు మానేసేక కూడా రెండు నెల్లు నీకు జీతం పడిపోనాది. నా తప్పే. నీ పేరు తీయడం మరిసిపోయేను."

ఆ డబ్బు నేను చూశాను. బోనసూ అదీ కలిపి వేశారనుకున్నాను. అత్తగారి మందులకీ, ఫిజియోథెరపీకీ ఎప్పుడో అయిపోయింది.

"మేనేజరేటన్నాడు?"

"మొత్తం ఒక్కసారే కట్టాలంట. లేపోతే నీ పీఎఫ్ ఆపేత్తామని ఫోన్ చేసి సెప్పమన్నాడు. నువ్వు కట్టకపోతే నా జీతంలో కోత్తాడంట. ఫోన్లో సెప్పడానికి నాకు నోరు రాలేదక్కా."

కోపం వచ్చింది గాని ఆ పిల్ల మీద కాదు. గుమ్మంలో నిలబడి అంతా విన్న మా ఆయన, "ఉన్నపళంగా అంత డబ్బు ఎక్కడి నుంచి తెత్తాం? ముందు అన్నాలు తినండి. రేపు లేబర్ ఆఫీసుకెళ్లి అడుగుదాం" అన్నాడు.

ఆ రాత్రి తను మా ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు సెలవు పెట్టి మాతోపాటు మా ఆయన ఆటో ఎక్కింది గాని, ఆఫీసు ముందు దిగనంది. ఎవరైనా చూస్తే ఉద్యోగం పోతుందని భయం. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లి ఆఫీసరమ్మకి చెప్పడం మొదలుపెట్టానో లేదో, వెనక తన గొంతు వినిపించింది. "తప్పు నాదేనండి. అక్కకేటీ తెలీదు."

ఆవిడ ఇద్దరినీ కూర్చోమంది. "ఎక్కువ పడిన మాట నిజమైతే తిరిగి ఇవ్వాల్సిందేనమ్మా. కాని ఆ వంకతో పీఎఫ్ ఆపకూడదు, అది మీ డబ్బు. లెక్క కాగితం మీద ఇమ్మనండి. ఒక్కసారి కట్టలేను, నెలనెలా కడతానని రాసివ్వండి. వాడుకోని సెలవులకి రావలసింది ఉంటే అందులో తగ్గించమనండి" అంది. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "నీ జీతం కొయ్యాలన్నా ముందు నిన్ను సంజాయిషీ అడగాలి. నోటిమాటగా కోసెయ్యడం కుదరదు" అంది.

ఆటోలో తిరిగొస్తూ అలాగే రాశాం. వాక్యాలు తను చెప్పింది, సంతకం నాది. మేనేజరు కొన్నాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకున్నాడు. చివరికి లెక్క పంపించాడు. నా సెలవుల డబ్బు పోగా సగానికి దగ్గరగా తగ్గింది. మిగతాది వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకున్నాడు. నా పీఎఫ్ నాకొచ్చింది. ఆ పిల్లకి మెమో ఇచ్చారు గాని జీతం కొయ్యలేదు.

మొదటి వాయిదా నాటికి అందులో సగం డబ్బు తను పట్టుకొచ్చింది. నేను పుచ్చుకోలేదు. కాసేపు దెబ్బలాడుకున్నాం.

"నాను సేసిన తప్పుకి నువ్వెందుకు కట్టాలక్కా?"

"తిన్నది మేం కదే. ఇంకోసారి డబ్బంటే గుమ్మం ఎక్కనివ్వను."

మళ్లీ వచ్చినప్పుడు మాడుగుల హల్వా తెచ్చింది. మా అత్తగారికి ఇంకా చెయ్యి స్వాధీనంలోకి రాలేదు. ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని చిన్న చిన్న ముక్కలు చేసి నోట్లో పెడుతుంటే, మా అత్తగారు తీరిగ్గా నమిలి, నా వైపు చూసి, "ఈ పిల్లకి కూడా ఓ ముక్కెట్టు" అంది.