నాలుగోసారి టాబ్ నొక్కితే

2003వ సంవత్సరం. రాజమండ్రిలో ఒక విత్తనాల కంపెనీ హెడ్డాఫీసులో సిస్టమ్స్ ఇంజనీరుగా చేరి అప్పటికి రెండేళ్ళయింది. సిస్టమ్స్ విభాగం అంటే నేనొక్కణ్ణే. రెండో అంతస్తులో ఒక ఏసీ గది, ఒక సర్వరు, ఒక కుర్చీ. ఇంకో కుర్చీ కావాలని అడిగితే "ఎవరి కోసమండీ?" అన్నారు స్టోర్స్ ఆయన.

కంపెనీ ప్లాంటు మండపేటలో ఉండేది. రైతులు పండించి ఇచ్చిన విత్తనపు ధాన్యాన్ని అక్కడ శుభ్రం చేసి, లాట్లుగా విడదీసి, ప్రతి లాటుకీ మొలక పరీక్ష చేసేవారు. లాటు అంటే ఒక రైతు దగ్గర ఒక కోతలో వచ్చిన బస్తాలన్నీ. పరీక్ష ఫలితాలను కంప్యూటర్లో ఎక్కించే ఆపరేటరు పేరు రత్నకుమారి గారు. యాభై దాటిన మనిషి. కంపెనీలో చేరకముందు పాతికేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పారు. రెండేళ్ళుగా వారానికి ఒకటి రెండుసార్లు మేము ఫోన్లో మాట్లాడుకుంటున్నా ఒకరినొకరం చూసుకోలేదు.

మా ప్రోగ్రాములు షెల్ అనే ఆజ్ఞల తెర మీద నడిచేవి. షెల్‌లో బొమ్మలుండవు, మౌసు ఉండదు. ఆజ్ఞను అక్షరాల్లో టైపు చేయాలి. అయితే పేరు మొత్తం కొట్టక్కర్లేదు. మొదటి అక్షరాలు కొట్టి టాబ్ మీట నొక్కితే మిగతాది షెల్ పూరిస్తుంది. దీన్ని టాబ్ కంప్లీషన్ అంటారు. ఒకే అక్షరాలతో చాలా పేర్లు మొదలైతే మొదటి నొక్కుకు జాబితా కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కో నొక్కుకు ఒక్కో పేరు వరసగా వస్తుంది.

ప్లాంటు జాబితాలో ఉన్నవి అయిదు: lot-draw, lot-hold, lot-pass, lot-print, lot-reject. నమూనా తీయడం, ఆపి ఉంచడం, పాస్ చేయడం, చీటీ ముద్రించడం, తిరస్కరించడం. అప్పటిదాకా ఉత్త పేర్లే కనిపించేవి. ప్రతి పేరు పక్కనా అదేం చేస్తుందో ఒక వాక్యం కనిపిస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాను. ఇలాంటి వివరణలు చూపించే సదుపాయం షెల్‌లోనే ఉంది. ఏ రంగులో, ఏ శీర్షిక కింద, ఎంత ఖాళీ వదిలి చూపించాలో మనం రాసివ్వాలి.

వారం రోజులు అదే పని చేశాను. అన్ని శాఖలకూ కలిపి నలభై ఒక్క వాక్యాలు. ఆ తెర మీద తెలుగు లిపి రాదు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. పేర్లన్నీ ఎడమ పక్క, వాక్యాలన్నీ ఒకే నిలువు గీత మీద మొదలయ్యేలా కుడి పక్క. శీర్షికలు బొద్దుగా, వివరణలు నీలం రంగులో. అయిదు ఆజ్ఞలనూ రెండు గుంపులు చేశాను. పైన 'నిర్ణయాలు', కింద 'మిగతా పనులు'. ఒక్కో వాక్యం రాస్తుంటే అవతల ఒక మనిషి కూర్చుని చదువుతున్నట్టు ఉండేది. ఆ గదిలో నేను ఎవరితోనైనా మాట్లాడిన వారం ఏదైనా ఉందంటే అదే.

ఫోన్ చేసి చెప్పాను. "సోమవారం నుంచి మీ లిస్టు వివరంగా వస్తుందండి. చూసుకోండి."

"ఆయ్, అలాగేనండి."

మరుసటి వారం శుక్రవారం మండపేట నుంచి ప్లాంటు మేనేజరు ఫోన్ చేశారు. ఆ వారం పరీక్ష చేసిన తొమ్మిది లాట్లూ నెగ్గాయి, కానీ కంప్యూటర్లో అన్నీ తిరస్కరించినట్టు పడ్డాయి. వాటికి ఎర్ర చీటీలు కుట్టేశారు. రెండు లాట్లు పక్కనే ఉన్న రైసుమిల్లుకు వెళ్ళి బియ్యమైపోయాయి కూడా. విత్తనంగా పనికొచ్చే ధాన్యం ఒకసారి మర పట్టించాక ఇక చేసేదేమీ లేదు.

"ఆవిడకి వయసైపోయిందండి. రేపటితో మాన్పించేద్దామనుకుంటున్నాను. మీరొచ్చి కంప్యూటరు బాగానే ఉందని ఒక కాగితం రాసిచ్చేయండి" అన్నారాయన.

శనివారం పొద్దున్నే మండపేట బస్సెక్కాను. నేను రాయాల్సిన కాగితం మనసులో అప్పటికే తయారుగా ఉంది. ఒకటి, సర్వరు బాగుంది. రెండు, ప్రోగ్రాము బాగుంది. మూడు, ఆజ్ఞ ఇచ్చింది ఆపరేటరు.

రత్నకుమారి గారి గది బస్తాల గోడౌను పక్కన ఉంది. గోడ అవతల జల్లెడ యంత్రం మోత. గదిలో ఇంకెవరూ లేరు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"మీరేనాండీ? గొంతుని బట్టి పెద్దాయనేమో అనుకున్నాను."

నెగ్గిన లాటును ఎలా ఎక్కిస్తారో చూపించమన్నాను. ఎడమ పక్క ఫలితాల కాగితం పెట్టుకుని, చూపు దాని మీదే ఉంచి, lot- కొట్టారు. టాబ్ టకటకా నాలుగుసార్లు నొక్కారు. లాటు నంబరు కొట్టారు. 'ఖాయమేనా' అని షెల్ అడిగేలోపే y కొట్టేశారు. ఒక్కసారి కూడా తెర వైపు చూడలేదు.

"తెర చూడరాండీ?"

"అదేంటండీ, టైపిస్టు కాపీ చూడాలి గానీ కొట్టేది చూస్తుందా? చూసే పిల్లల్ని స్కేలుతో కొట్టేదాన్ని."

ఆమె చేసిన లెక్క నాకప్పుడు తెలిసింది. మొదటి నొక్కుకు జాబితా, రెండుకు draw, మూడుకు hold, నాలుగుకు pass. రెండేళ్ళుగా ఆమె వేలికి pass అంటే నాలుగు. నేను 'నిర్ణయాలు' గుంపును పైకి తెచ్చాను. ఇప్పుడు రెండుకు hold, మూడుకు pass, నాలుగుకు reject.

"సోమవారం నుంచి లిస్టు వివరంగా వస్తుందని చెప్పానుగా. నీలం అక్షరాల్లో అంతా రాశాను" అన్నాను. గొంతు కాస్త పెరిగింది.

"నీలమాండీ?" అంటూ ఆమె తెర వైపు జరిగారు.

అది పాత నలుపు తెలుపు మానిటరు. నా నీలం దాని మీద నల్లటి పలక మీది పాత మరకలా ఉంది. ముక్కు ఆనించి చూస్తే తప్ప అక్షరాలున్నాయనే తెలియదు.

"ఏదో మసగ్గా వచ్చిందండి. కనబడట్లేదని చెబితే, అంత కష్టపడి చేశారు కదా, ఏమనుకుంటారోనని ఊరుకున్నాను."

మేనేజరు గారి గదికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను.

"మీదెలా అవుద్దండీ? నొక్కింది ఆవిడ."

"ఆవిడ లెక్కపెట్టుకుని దిగే మెట్లు నేను మార్చానండి. ఆవిడకి తెలియలేదు."

"కళ్ళు మూసుకుని మెట్లు దిగమని ఎవరన్నారండీ?"

"రెండేళ్ళు దిగారు కదండీ, ఒక్కసారైనా పడ్డారా?"

ఆయన తెల్ల కాగితం నా ముందుకు తోశారు. "ఎవరో ఒకరి పేరుండాలి మరి. రెండు లాట్ల రైతులకి నేను సమాధానం చెప్పుకోవాలి."

నా పేరు రాశాను. ఆ ఏడాది నా ఇంక్రిమెంటు ఆగింది. ఆమె ఉద్యోగం నిలిచింది.

తిరిగి ఆమె గదికి వచ్చి పాత వరస పెట్టేశాను. నీలం తీసేశాను. ఇక బయల్దేరబోతుంటే ఆమె అడిగారు.

"మీరేం రాశారో ఒకసారి చదివి వినిపిస్తారాండీ?"

అయిదూ చదివాను. అంతవరకూ వాటిని ఎవరూ విననూ లేదు, చదవనూ లేదు. రెండో వాక్యం దగ్గర ఆమె చెయ్యెత్తారు.

"హోల్డంటే పరీక్ష అవ్వలేదని రాశారు. అది కాదండి. పరీక్ష అయ్యాక కూడా గింజ తడిగా ఉంటే హోల్డే. ఆరబెట్టి మళ్ళీ చూస్తారు."

"ఈ మాట నాకెవరూ చెప్పలేదండి."

"మీరెప్పుడు అడిగారండీ?" అని నవ్వారు.

మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చుని అయిదు వాక్యాలూ తిరగరాశాం. ఆమె చెప్పారు, నేను టైపు చేశాను. నా స్పీడు చూసి "టైపు లోయరు పరీక్ష కూడా పాసవ్వరు" అన్నారు. ఒక మనిషి పక్కన కూర్చుని పని చేయడం ఆ ఉద్యోగంలో నాకు అదే మొదటిసారి. మిగతా ముప్ఫయ్యారు వాక్యాల కోసం తర్వాత ఒక్కో శాఖకూ వెళ్ళాను. సగానికి పైగా మార్చాల్సి వచ్చింది.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. వివరణ ఎంత అందంగా పేర్చినా, చదివే మనిషి పక్కన కూర్చుని ఆమె చెయ్యి ఏం చేస్తుందో, కన్ను ఎక్కడుంటుందో చూడకుండా రాస్తే, అది మనతో మనం మాట్లాడుకోవడమే. ఇంకోటి కూడా తెలిసింది, అది ఎవరూ ముందుగా చెప్పరు. వివరణ సరిగ్గా కుదిరితే చదివినవాళ్ళకు మనతో ఇక పనుండదు. ఆ తర్వాత మండపేట నుంచి లాట్ల ఫలితాలు రోజూ ఒక్క తప్పు లేకుండా వచ్చేవి. రత్నకుమారి గారికి నాకు ఫోన్ చేయాల్సిన అవసరం మళ్ళీ రాలేదు.