ఈనెపుల్లంత పాదం

రేపు మా అమ్మాయి బడివాళ్ళతో కలిసి విశాఖపట్నం వెళ్తోంది. రెండు రోజుల విహారయాత్ర. సముద్రం, జూ, ఒడ్డుకు లాగి నిలబెట్టిన జలాంతర్గామి, అన్నీ చూపించి ఆదివారం సాయంత్రానికి కాకినాడ తెచ్చి దింపేస్తామని టీచరుగారు చెప్పారు. నేను ఆవిడను అడగాల్సినవన్నీ అడిగాను, అడగకూడనివి కూడా అడిగాను. బస్సు కిటికీలకు ఊచలున్నాయా అని అడిగినప్పుడు ఆవిడ, "ఉన్నాయండీ. నేనూ ఇద్దరు పిల్లల తల్లినేనండీ" అన్నారు. ఇంటికొచ్చి అటక మీది చిన్న సూట్‌కేసు దింపాం. దాని పక్క అరలో, ప్లాస్టిక్ కవరులో చుట్టి, అరచేతిలో పట్టేంత ఎర్ర బూట్ల జత. ఒక బూటులోంచి సన్నటి పుల్ల ఒకటి కింద పడింది.

"ఇదేంటమ్మా, చీపురుపుల్లా?" అంది మా అమ్మాయి.

"కాదు. నీ కాలు."

దానికి నవ్వాగలేదు. పుల్లను మడమ దగ్గర ఆనించి పెట్టుకుంది. పాదం సగానికి వచ్చి ఆగిపోయిందది. "ఇంతేనా నేను?" అని ఆశ్చర్యపోయి, ఆ బూట్లను రెండు వేళ్ళకు తొడిగి కాసేపు బల్ల మీద నడిపించి, వెళ్ళి పడుకుంది. వాళ్ళ నాన్న ఎరువుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి వెళ్ళారు. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. సూట్‌కేసు సర్దడం ఎప్పుడో అయిపోయింది, అయినా రెండుసార్లు విప్పి సర్దాను.

ఆ పుల్ల కొబ్బరి ఈనె. అది కడియంలో పుట్టి, ఎయిర్‌మెయిల్ కవరులో స్కాట్లాండు వెళ్ళి, అక్కడి ఎడింబరో నగరం చూసి, తిరిగి వచ్చింది. దానికి ఆ నగరం నాకన్నా బాగానే కనిపించి ఉంటుంది.

అప్పట్లో నేను కాకినాడలో రొయ్య పిల్లలను పరీక్ష చేసే ల్యాబులో పనిచేసేదాన్ని. డెల్టా అంతా వరిచేలను చెరువులు చేసుకుని రొయ్యలు వేసి, తెల్లమచ్చ జబ్బొచ్చి ఒక్క రాత్రిలో కుదేలైపోతున్న రోజులవి. చెరువులో పిల్లను వదిలేముందు రైతులు ఆక్సిజన్ నింపిన సంచిలో నమూనా పట్టుకొచ్చి, వరండాలో గొంతుక్కూర్చుని, తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడి, "అమ్మాయిగారూ, పిల్ల బాగుందాండీ?" అని అడిగేవారు. ఆ రొయ్యల జబ్బుల మీదే పైచదువుకు నాకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఒక విద్యాసంవత్సరం. అప్పటికి మా అమ్మాయికి ఏడాది దాటి రెండు నెలలు. మా అత్తగారు విని, "రొయ్యలకి జబ్బు చేస్తే నువ్వు సముద్రం దాటాలా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మావారు వెళ్ళమన్నారు. కడియంలో చిన్న నర్సరీ ఉన్న మా నాన్న మాత్రం చేతికంటిన మట్టి దులుపుకుంటూ, "వెళ్ళిరామ్మా. మొక్కకి కుండీ మారిస్తే నాలుగు రోజులు వాడుద్ది, ఆనక తేరుకుంటది" అన్నాడు. ఆ మొక్క నేనో, చంటిదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చంటిది కడియంలో మా అమ్మ దగ్గర ఉంది. ప్రతి ఆదివారం కార్డు గీకి ఫోను చేసేదాన్ని. ల్యాబుకొచ్చే రైతుల్లాగే నా మొదటి మాట, "అమ్మా, పిల్ల బాగుందా?" బాగానే ఉండేది. పళ్ళొచ్చాయి, మాటలొచ్చాయి. మాటలతోనే వచ్చింది చిక్కు. ఆ ఇంట్లో మా తమ్ముడు మా అమ్మను "అమ్మా" అని పిలుస్తాడు, నర్సరీలో పనిచేసేవాళ్ళూ "అమ్మగోరూ" అంటారు. విన్నది విన్నట్టు మా అమ్మాయి కూడా వాళ్ళ అమ్మమ్మను "అమ్మా" అనడం మొదలుపెట్టింది. గోడ మీది నా ఫోటో చూపించి మా తమ్ముడు "ఇదిగో అక్క" అనేవాడు కాబట్టి, నేను అక్కనైపోయాను. ఫోను చెవికి ఆనిస్తే ముద్దుగా "అక్కా" అనేది. మా అమ్మ నొచ్చుకుని, "నువ్వు వచ్చాక మారిపోద్దిలేవే" అనేది. నేను నవ్వేదాన్ని. ఫోను పెట్టేశాక ఆ టెలిఫోన్ బూత్ అద్దం మీద పడే వాన చూస్తూ కొంతసేపు నిలబడేదాన్ని. మారకపోతే? నేను గుమ్మంలోకి వెళ్ళేసరికి నా పిల్ల నన్ను చూసి, చుట్టపుచూపుగా వచ్చిన అక్కను చూసినట్టు చూస్తే? ఆ ఏడాది చదువంతా ఈ ఒక్క ప్రశ్న కింద పెట్టుకునే చదివాను.

మా కాలేజీ ఎడింబరోకు రైల్లో గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేది. అక్కడ నాకొక మరదలు దొరికింది. మొదటి రోజు హాస్టల్ వంటగదిలో పోపు వాసనకు తల తిప్పితే ఎవరో అమ్మాయి. "మీదే ఊరండీ?" అంటే నరసాపురం అంది. తాలింపు మాడే లోపల వరసలు తవ్వుకున్నాం. వాళ్ళ పిన్నిగారి ఆడపడుచును ఇచ్చిన ఊరు పెనుగొండ. ఆ ఊళ్ళో మా మావగారి తోడల్లుడి ఇల్లు. ఆ రెండు ఇళ్ళకూ మధ్యగోడ ఒకటే. "అయితే మీరు నాకు వదిన అవుతారండీ" అని తేల్చేసింది. ఎలా అయ్యానో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. గోదావరివాళ్ళకు మనిషి దొరికితే చాలు, వరస అదే దొరుకుతుంది. నాకన్నా ఐదారేళ్ళు చిన్నది, పెళ్ళి కాలేదు, నోరు మాత్రం పెళ్ళిపెద్దది.

చదువు అయిపోయింది. బుధవారం విమానం. ఆ ముందు శని ఆదివారాలు నేను గదిలో పెట్టె సర్దుకుంటూ గడపాలనుకున్నాను. మరదలు ఒప్పుకోలేదు. "ఏడాదంతా ఎడింబరోలో స్టేషను తప్ప ఏం చూడలేదండి మీరు. రేపు కాకినాడలో ఎవరైనా ఏం చూశావని అడిగితే ప్లాట్‌ఫారం బాగుందని చెబుతారా?" అని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

జూన్ నెల. అక్కడ జూన్‌లో రాత్రి పదైనా చీకటి పడదు. పొద్దు అలా ఆకాశం అంచున గడప దాటలేని చుట్టంలా నిలబడే ఉంటుంది. ఇంటికి ఎప్పుడు పోతానా అని ఉన్నదానికి అలాంటి పగలు ఎంత పొడుగో! కొండ మీద కోట. నల్లరాతి మేడలు, పొగ పట్టిన గోడలు, వీధి మూలల్లో గళ్ళ పావడా కట్టుకున్న మగవాళ్ళు సంచి చంకన పెట్టి ఊదే సన్నాయిలాంటి వాద్యం, గాల్లో ఎక్కడినుంచో కాలిన ధాన్యం వాసన. బీరు కాచే వాసనట. నాకు మాత్రం కడియం దారిలో బియ్యం మిల్లు దాటుతున్నట్టే ఉండేది. ఒంటిగంటకు కోట మీద ఫిరంగి పేలింది. నేను ఉలిక్కిపడి చెవులు కాదు, ఒడి మూసుకున్నాను, అక్కడ పిల్ల ఉన్నట్టు. మరదలు అది చూసి, చూడనట్టు నటించి, "టైము చెప్పడానికి ఫిరంగి పేల్చడమేంటండీ వదినా! మా నరసాపురంలో రైలు గంట లేటొచ్చినా ఎవడూ టపాకాయ కూడా కాల్చడు" అంది. పక్కనున్న వాళ్ళంతా మా నవ్వుకు తిరిగి చూశారు. కోట కింది వీధిలో ఒక దుకాణం అద్దంలో అల్లిక లేసు బల్లగుడ్డ పెట్టి ఉంది. మరదలు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. వాళ్ళమ్మ నరసాపురంలో ఎగుమతికి లేసు అల్లుతుంది. "ఇది మా అమ్మే అల్లిందనుకోండి, నాకన్నా ముందే ఒంటరిగా విదేశాలకొచ్చేసింది చూశారా" అంది. తరువాత రెండు వీధులు దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. మరదలు మాట్లాడకుండా నడిచిన దూరం ఆ ఏడాది మొత్తానికి అదొక్కటే.

నా చేతిసంచిలో ఈనె ఉంది. పిల్లకు బూట్లు తెస్తాను, కాలి కొలత పంపమని అంతకు రెండు నెలల ముందు ఫోనులో చెప్పాను. మా వైపు బజారుకు వెళ్ళేవాళ్ళ చేతికి ఇంట్లోవాళ్ళ కాళ్ళను తుంచిన పుల్లలుగా ఇచ్చి పంపడం మామూలే. నాన్న చంటిది నిద్రపోతుండగా దాని పాదం పక్కన ఈనె పెట్టి కోసి, కవరులో పంపాడు. "ఎండిన ఈనే కోశానమ్మా, కుదించుకుపోదు" అని ఫోనులో భరోసా ఇచ్చాడు. అందినప్పటినుంచీ దాన్ని పుస్తకంలో పెట్టుకున్నాను. చదువుతూ చదువుతూ వేలికి తగిలినప్పుడు దాన్ని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఇంతే కదా అనుకునేదాన్ని.

బూట్ల కొట్లో కళ్ళద్దాలు గొలుసుకు వేలాడేసుకున్న ఒక పెద్దావిడ ఉంది. పిల్ల ఏదని అడిగింది. ఈనె తీసి ఇచ్చాను. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. రెండు చేతులతో తీసుకుని, పిల్లల పాదాలు కొలిచే ఇనుప పలక మీద పడుకోబెట్టి, సగం సగం అక్షరాలు మింగే వాళ్ళ ఇంగ్లీషులో ఈ కొలత ఎప్పటిదని అడిగింది. రెండు నెలలయిందన్నాను. అయితే ఒక సైజు పెద్దది తీసుకో అంది.

"ఆవిడ చెప్పింది నిజమేనండీ వదినా" అంది మరదలు. "పిల్లకాలు మామిడి పిందెలాంటిది. మీరు చూడట్లేదని ఊరకుంటదా?"

"ఈనె ఎంతుందో అంతే కావాలి" అన్నాను.

"పట్టకపోతే?"

"పడతాయి."

నాకు తెలియక కాదు. రొయ్య పిల్ల రోజుకెంత పెరుగుతుందో లెక్క రాసి పట్టా తీసుకున్నదాన్ని. కానీ పెద్ద సైజు తీసుకుంటే, నా పిల్ల నేను లేకుండా ఎంత పెరిగిపోయిందో నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు ఉంటుందనిపించింది. పెద్దావిడ ఈనెకు సరిపడే ఎర్ర బూట్లు తెచ్చి, ఈనెను పారేయకుండా ఒక బూటులోనే పెట్టి, కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆదివారం వంతెన చూడ్డానికి వెళ్ళాం. నది సముద్రంలో కలిసేచోట ఎర్రటి ఇనుప రైలు వంతెన, మూడు ఏనుగులు వరసగా నిలబడ్డట్టు. రైలు దానిమీదకు ఎక్కగానే చక్రాల చప్పుడు మారింది. ఆ చప్పుడు నాకు తెలుసు. రాజమండ్రి దాటి కొవ్వూరు వైపు వెళ్తున్నప్పుడు ఒక్కసారి కింద నేల పోయి నీళ్ళొచ్చే చప్పుడు. అప్రయత్నంగా పర్సులోంచి రూపాయి బిళ్ళ తీశాను. కిటికీ తెరవబోతే అది తెరిచే కిటికీ కాదు. నేను బిళ్ళ పట్టుకుని అద్దానికి చేయి ఆనించి, పిల్ల నన్ను గుర్తుపట్టాలి, గుర్తుపట్టాలి అనుకుంటూనే ఉన్నాను, వంతెన అయిపోయింది. అవతలి ఒడ్డున దిగి, రాళ్ళ మీద కూర్చుని, కాగితం పొట్లంలో వేడి వేడి బంగాళాదుంప ముక్కలు తిన్నాం. నీటిమీద వెండిరంగు వెలుతురు, కొంగల్లా అరిచే తెల్లపక్షులు, చలిగాలికి మరదలి జడ విడిపోయి నా మొహం మీద పడుతోంది. నేను గడియారం చూసుకుని కడియంలో ఇప్పుడు ఎంతయి ఉంటుందా అని లెక్కవేస్తున్నాను.

"వదినా, మీరిక్కడ లేరండి" అంది మరదలు. "పోనీలెండి. ఇంటికెళ్ళాక ఇక్కడుంటారు."

"నీ మొహం" అన్నాను.

ఆ రూపాయి అక్కడి నీళ్ళలోనే వేశాను. గోదావరి కాకపోయినా నీళ్ళన్నీ ఎక్కడో ఒకచోట కలుస్తాయి కదా అని మరదలే సర్దిచెప్పింది.

కడియంలో ఆటో దిగేసరికి అమ్మ పిల్లను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలికి రానివ్వకుండా నర్సరీలో పనిచేసేవాళ్ళెవరో ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తుంటే నేను వీధిలో నిలబడి పిల్లనే చూస్తున్నాను. అది పొడుగైంది. జుట్టు ఉంగరాలు తిరిగింది. "ఎవరొచ్చారమ్మా?" అని మా తమ్ముడు అడిగాడు. అది మొహం మా అమ్మ భుజంలో దాచుకుని, ఒక కన్ను మాత్రం బయటపెట్టి, "అక్క" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బూట్లు పట్టలేదు. వేళ్ళు దూరాయి గానీ మడమ దిగలేదు. నాకు ఏడుపొచ్చేంతలో అది వాటిని లాక్కుని చేతులకు తొడుక్కుని, పూలకుండీల మధ్య వరండా అంతా నాలుగు కాళ్ళ మీద టకటకమని తిరిగింది. కాసేపటికి ఏమనుకుందో, ఒక బూటు ఊడదీసి తెచ్చి నా చేతికి తొడిగింది. అలా చెరొక బూటు తొడుక్కుని ఆ పూట, మర్నాడు, ఆ మర్నాడు ఇద్దరం వరండాలో పాకాం. అక్కా చెల్లెళ్ళలా.

కొన్నాళ్ళు పోయాక ఒక మధ్యాహ్నం అమ్మ బజారుకెళ్ళింది. తడి వరండాలో అది జారి కుండీకి తగిలి పడింది. "అమ్మా" అని ఏడుస్తూ లేచి నా వైపే పరిగెత్తుకొచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను, మా అమ్మ బజారునుంచి వచ్చేసిందేమోనని. నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు మరదలు పెళ్ళి చేసుకుని ఏదో చలిదేశంలోనే ఉంది. ఎప్పుడైనా ఈ-మెయిల్ రాస్తే చివర, "వదినగారూ, ఇంతకీ ఇప్పుడు ఎక్కడున్నారండీ?" అని ఎత్తిపొడుస్తుంది. ఎక్కడున్నానో దానికి తెలుసు. చద్దన్నం డబ్బా కడుగుతూ, కరెంటు పోయిన రాత్రి పిల్లకు విసురుతూ, నేను ఆ రాళ్ళ మీదే కూర్చుని ఉంటాను. మొహాన ఆ జడ తగులుతుంది. నీళ్ళ మీది ఆ వెలుతురును అప్పుడు నేను సరిగా చూడనేలేదు. ఒక్క గంట ఎవరైనా ఆ పొద్దుపోని సాయంత్రాన్ని తిరిగి ఇస్తే, ఈసారి గడియారం ఇంట్లో పెట్టి వెళ్తాను. వెళ్ళినా, సంచిలో మాత్రం ఈనె ఉంటుందనుకుంటా.

రాయడం ఆపి ఇందాక పెరట్లోకి వెళ్ళి చీపురులోంచి ఒక ఈనె లాగి తెచ్చాను. మా అమ్మాయి బోర్లా పడుకుని ఉంది. పాదం పక్కన పెట్టి, బొటనవేలి దగ్గర తుంచాను. కితకితలై కాలు ముడుచుకుంది గానీ లేవలేదు. రెండు రోజుల్లో ఏం పెరుగుతుందని మావారు పొద్దున్నే నవ్వుతారు. నవ్వనివ్వండి. పాత ఈనెను కొత్తదాని పక్కన బల్ల మీద పెట్టి చూస్తున్నాను. నాన్న చెప్పింది నిజమే, ఎండిన ఈనె ఇన్నేళ్ళకూ కుదించుకుపోలేదు. దాన్ని దాటి వెళ్ళిపోయిన కాలం మాత్రం, నేను చూస్తున్నా చూడకపోయినా, రాత్రిళ్ళు పిల్ల పాదంలోనే పెరుగుతూ ఉంటుంది.