నాయన ఆఖరి షిఫ్టు, నా వాల్వు పెట్టె

ఒక్క వేలితో గని కూలీల లైను ఇళ్లన్నీ ఖాళీ చేయించిన ఘనుణ్ణి నేను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఆనాటి నన్ను మాత్రం ఎవరైనా పట్టి తెచ్చి ఇస్తే, ముందు రెండు తగిలించి ఆ తర్వాత కుశలం అడుగుతాను.

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి సంగతి. మా నాయనది గని లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ రోజు ఆయన ఆఖరి షిఫ్టు. సాయంత్రం మా లైను జనం సన్మానం పెట్టుకున్నారు. ఆయన రెండు మాటలు మాట్లాడాలి. చిక్కేమిటంటే, ఏళ్ల తరబడి రాతిదుమ్ము మింగి ఆయన గొంతు పక్క మంచానికి కూడా వినపడేది కాదు. అందుకని భజన మండలి వాళ్ల వాల్వు ఆంప్లిఫయరు మా ఇంటికి వచ్చింది. దొరల క్లబ్బులో బతికి, వేలంలో మా పాలిట పడ్డ పాత పెట్టె. పని చేస్తుంది. కొంచెం గుయ్యిమంటుంది, అంతే.

"దాన్ని ముట్టుకోవద్దురా," అని నాయన షిఫ్టుకు పోతూ గొణిగాడు. "గుయ్యిమంటే అననీ. నా మాట నలుగురికీ వినపడితే చాలు."

నేను కోలారు కాలేజీలో అప్పుడే ఫిజిక్సుతో బియ్యెస్సీ ముగించి ఉన్నాను. గుయ్యిమనే పెట్టెను చూస్తూ ఊరుకోవడం డిగ్రీకి అవమానం. స్విచ్చి వేసి, ఆ మోత కాసేపు విని, వైద్యుడిలా తలాడించి, ప్లగ్గు పీకి మూత విప్పాను.

"ఏమిరా, కరెంటుతో ఆటలా?" కుళాయికి బిందె తీసుకుని పోతున్న అమ్మ గడప దగ్గర ఆగింది.

"ప్లగ్గు పీకినానమ్మా. ఇదో, నా చేతిలోనే ఉండాది చూడు."

"మీ నాయన వద్దన్నాడు గదా?"

"నాయనకి ఏమి తెలుసు? ప్లగ్గు పీకినాక అది ఉత్త రేకు డబ్బా."

ఆ ఉత్త డబ్బాలో కెపాసిటర్లు ఉంటాయి. మూడు వందల వోల్టులు దాటిన ఛార్జిని అవి ప్లగ్గు పీకాక కూడా కడుపులో దాచుకుంటాయి. దాన్ని మెల్లగా దించడానికి పెట్టిన రెసిస్టరు ఎప్పుడో కాలి ఊరుకుంది. కెపాసిటరు గురించి పరీక్షలో నేను బొమ్మ వేసి మరీ రాశాను. మార్కులూ బాగానే వచ్చాయి. ఆ జ్ఞానమంతా బుర్రలో భద్రంగా ఉండగానే, ఎడమ చెయ్యి ఇనుప చట్రం మీద ఆనించి, కుడి చూపుడువేలు లోపల పెట్టాను.

కొంత అసౌకర్యం కలిగింది.

నేను వెనక్కి ఎగిరాను. కాలు తగిలి పెట్టె బల్ల మీంచి దూకింది, గాజు వాల్వులు పగిలాయి. వీపు తగిలి గోడ చెక్క మీది ఇత్తడి సామానంతా, అమ్మమ్మ నాటి కొప్పెరతో సహా, నేలకు దిగింది. రేకుల కప్పు గడగడలాడింది.

వేరే ఊళ్లో అయితే "ఏం పడిందప్పా?" అంటారు. మా ఊళ్లో అలా కాదు. గని లోతుల్లో ఒత్తిడికి రాయి పేలితే, పైన ఇళ్లల్లో ముందుగా దొర్లేవి గిన్నెలే.

"బ్లాస్టు!" అని పక్కింటి రత్నమ్మత్త కేక పెట్టింది. "బ్లాస్టమ్మా! మగోళ్లంతా లోపల ఉండారు!"

నిమిషంలో లైనంతా గనిలోకి దిగే షాఫ్టు వైపు పరుగు. కుళాయి దగ్గర నుంచి మా అమ్మ అందరికంటే ముందు. కాళ్లకు చెప్పుల్లేవు, చంకలో ఖాళీ బిందె. "ఆఖరి దినమే తీస్కపోతివా దేవుడా!" అన్న ఆమె గొంతు నాకు వినపడుతూనే ఉంది. నాలుకే లేవలేదు.

లేచాక నేనూ పరుగెత్తాను. "బ్లాస్టు కాదు! నేనే! నేనే పడినాను!"

"నువ్వు పడితే మా గోడ కదులుతాదేమిరా? పక్కకు జరుగు!" అని రత్నమ్మత్త నన్ను తోసేసింది.

గేటు దగ్గర కావలివాడు ఏమీ కాలేదని కన్నడంలో, తమిళంలో, తెలుగులో మొత్తుకున్నాడు. "నిజం యాడ చెప్తారు మీరు!" అని ఆడవాళ్లు అతని మీద విరుచుకుపడ్డారు. షిఫ్టు పైకి వచ్చింది. తోటివాళ్లు వేసిన దండతో నాయన బయటికి వచ్చేసరికి అమ్మ మట్టిలో కూలబడి ఉంది. లేచి ఆయన భుజాలు, చేతులు తడిమి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"బతికే ఉండావా?"

ఆ ప్రశ్న ఎవరికో నాకు ఇప్పటికీ తెలియదు. చెంపదెబ్బ మాత్రం నాకే.

"ఏమి చేసినావురా?" అన్నాడు నాయన. చెప్పాను.

"మైకు?"

"వాల్వులు పగిలిపోయినాయి నాయనా."

ఆయన మెడలో దండ తీసి నా చేతిలో పెట్టి ఇంటి దారి పట్టాడు.

సాయంత్రం అందరూ వచ్చారు. నాయన లేచి నిలబడి "అందరికీ దండాలు," అన్నాడు. అది ముందు వరుస కూడా దాటలేదు.

"వినపళ్లేదన్నా!" అన్నారు వెనక నుంచి.

"యాడ వినపడతాది? కొడుకు మైకు మింగినాడు గదా!" అంది రత్నమ్మత్త.

"ఇన్నేండ్లు లోపల పని చేసినాను," అన్నాడు నాయన అదే గుసగుసతో. "ఒక్క దినం కూడా..." ఆగాడు. ఆయన చూపు జనంలో వెతికి వెతికి నన్ను పట్టుకుంది.

"ఒక్క దినం కూడా నా పెండ్లాన్ని షాఫ్టు కాడికి ఏడుస్తా రానీలేదు! ఈ బియ్యెస్సీ నా కొడుకు రప్పించినాడు!"

దుమ్ము కింద ఇన్నాళ్లు ఆ గొంతు ఎక్కడ దాక్కుందో! ఇక ఆగలేదు. ప్లగ్గు, డిగ్రీ, కొప్పెర, నా పుట్టుక, అన్నీ వరసగా వచ్చాయి. పక్క లైన్ల వాళ్లు కూడా వచ్చి చేరారు. మారికుప్పం స్టేషన్లో రైలు కోసం నిలబడిన వాళ్లకు ప్రతి అక్షరం అందిందని తర్వాత తెలిసింది. నాయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా చప్పట్లు.

"ఇంగ మైకు ఎందుకప్పా?" అంది రత్నమ్మత్త కళ్లు తుడుచుకుంటూ. "గుయ్యిమని కూడా అనలేదు."

ఆ చప్పట్ల మధ్యే నేను ప్రమాణం చేశాను. పాత వాల్వు పెట్టె కనిపిస్తే, ప్లగ్గు పీకి, రెసిస్టరు ఆనించి ఛార్జి దించి, మీటరులో సున్నా చూసి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని గానీ వేలు పెట్టను. ఆ ఇంట్లో గోడ చెక్క మీద ఇత్తడి సామాను ఉంటే, అసలు గడపే తొక్కను.